బరువు నేర్పేవాళ్ళు

ఒకటో కబురు: దిగిన మర్నాడు

పైనున్న మీ అందరికీ, చంద్రగని మూడో సొరంగంలో పుట్టి పెరిగిన బొమ్మాళి భానోజీ కింద భూమి నుంచి పంపుతున్న కబుర్లివి. మీలో చాలామంది వచ్చే ఓడల్లో దిగుతారు. మనం చదివిన కరపత్రాల్లో ఎవరూ రాయని సంగతులు ఇక్కడ చాలా ఉన్నాయి. నేను రాస్తాను.

మొదటి సంగతి. మనం ఇక్కడ నిలబడలేం.

నేను ఎన్ని సభల్లో "మా తాతల నేల మాది" అని అరిచానో మీకు తెలుసు. ఓడ తలుపు తెరవగానే లేచి, ఆ నేల మీద కాలు మోపి, ఒక నినాదం ఇవ్వాలని దారి పొడుగునా అనుకుంటూ వచ్చాను. తలుపు తెరిచారు. ఉప్పుగాలి కొట్టింది. లేవబోతే తలే లేవలేదు. నా తల ఇంత బరువుంటుందని పుట్టినప్పటి నుంచి నాకెవరూ చెప్పలేదు. నాలుక నోట్లో రాయిలా పడుంది. నినాదం సంగతి వదిలెయ్యండి, మంచినీళ్ళు అడగడానికే ఆయాసం వచ్చింది.

నన్ను చక్రాల మంచం మీద దొర్లించుకుంటూ ఉద్దానం ఒడ్డున దిగుడు రేవులో ఉన్న బరువు చికిత్సాలయానికి తెచ్చారు. పక్క మంచం మీద లోలుగు తవుడు అనే ఆయన ఉన్నాడు. ఈయన భూమ్మీదే పుట్టి, వయసులో పైకి వెళ్ళి, ఇప్పుడు తల నెరిశాక దిగాడు. నన్ను చూసి పడుకునే నవ్వాడు.

"ఏటల్లుడా, నేలతల్లి గట్టిగా వాటేసుకుందేటి?"

"ఇది కౌగిలి కాదు మావా, నిర్బంధం."

"అబ్బో! మాటలకి బరువెక్కలేదు నీకు."

గోడ మీద నిబంధన రాసి ఉంది. తర్వాతి ఓడ దిగే ముందు రోజు మంచాలు ఖాళీ చెయ్యాలి. ఆ రోజు ప్రతి రోగీ చికిత్సాలయం అరుగు నుంచి ముంగిలి దాటి, గేటు కింద గీసిన తెల్లగీత అవతలికి చేరాలి. నడిచి గానీ, దేకి గానీ, పాకి గానీ, ఎలాగైనా సరే. మనిషి సాయం, యంత్రం సాయం ఉండకూడదు. దాటినవాడు భూమ్మీద ఎక్కడికైనా పోవచ్చు. దాటలేనివాడికి నడకచట్రం తొడుగుతారు. అది నడుము నుంచి పాదాల దాకా ఇనుప ఎముకల గూడు. వాడి బదులు అదే నడుస్తుంది. కానీ దానికి శక్తి వచ్చేది రేవు నేల కింద పాతిన తీగల నుంచి. కంచె దాటితే అది ఉత్త ఇనుము. అంటే చట్రం తొడుక్కున్నవాడు చచ్చేదాకా రేవులో సామాను మోస్తూ రేవులోనే బతకాలి.

మీకిప్పుడు అర్థమయిందనుకుంటాను. నా ముందున్నది ఆ ముంగిలి ఒక్కటే.

రెండో కబురు: మొదటి వారం

గొర్లె దమయంతి గారు ఇక్కడ పెద్ద. యాభై దాటిన మనిషి, పొట్టిగా, కళ్ళజోడుతో ఉంటారు. రాగానే నా మొహం చూడలేదు, పాదాలు చూశారు.

"కింద అంటే ఎటో తెలుసా బాబూ?"

నాకు ఒళ్ళు మండింది. "అంత తెలివితక్కువవాణ్ణా మేడమ్?"

"కాదులే. కళ్ళు మూసుకుని వేలుతో చూపించు."

చూపించాను. కళ్ళు తెరిస్తే నా వేలు తలుపు గడియ వైపు ఉంది. తవుడు మావ దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

అప్పుడు ఆమె చెప్పారు. చెవి లోపల ఒక చిన్న పరికరం లాంటిది ఉంటుందట, కింద ఎటో మెదడుకు చెప్పేది. మన పైవాళ్ళకు అది ఆరో వంతు బరువులో పెరిగింది. అది చాలా మెల్లగా మాట్లాడుతుంది, ఇక్కడి బరువేమో అరుస్తుంది. మెదడు ఎవరి మాటా వినదు. ఆమె విశాఖలో చదివి, నరాల చికిత్సలో పైచదువు ముగించి, ఏళ్ళ తరబడి పక్షవాతం వార్డులో పనిచేశారు.

"అక్కడ సగం శరీరాన్ని మర్చిపోయినవాళ్ళు వచ్చేవారు. ఆ చెయ్యి నీదేనయ్యా అని నమ్మించడం నా పని. నీకు శరీరం మొత్తం కొత్తదే, అంతే తేడా."

మొదటి ఓడ దిగినప్పుడు పైవాళ్ళను చాపల్లా చుట్టి దించడం ఆమె చూశారట. అందరూ ఎముకల గురించే మాట్లాడుతుంటే, ఎముకలు కాదు, వీళ్ళకు నేల ఎటుందో తెలియడం లేదు అన్నది ఆమె ఒక్కరే. వార్డు వదిలి ఈ ఇసుకలోకి వచ్చేశారు. నిజం చెప్పాలంటే ఆ మాట వినగానే మనసులో లేచి నిలబడి నమస్కారం పెట్టాను. మనసులోనే, ఎందుకంటే బయట నా మెడ ఇంకా దిండు వదల్లేదు.

కానీ ఆమె పద్ధతి నాకు నచ్చలేదు. పసిపిల్లల వరసలోనే అన్నీ చెయ్యాలంటారు. ముందు బోర్లా పడటం, తర్వాత కూర్చోవడం, పాకడం, ఆపైన నిలబడటం. బోర్లా పడ్డాను. కూర్చున్నాను. పాకడం దగ్గర ఆగిపోయాను.

"మా తాతలు బతుకంతా వంగే బతికారు మేడమ్. నేను పాకను. సరాసరి నిలబడతాను."

"అది రాజకీయం. ఇది వెన్నెముక."

"రెండూ ఒకటే!"

ఆమెకు కోపం రాలేదు. కళ్ళజోడు తుడుచుకున్నారు. "నేను బలవంతపెట్టను. ఆ పని వెన్నెముకే చేస్తుంది" అని, పాకడం పక్కన పెట్టి ఊచలు పట్టుకుని నిలబడే పాఠం మొదలుపెట్టారు.

మూడో కబురు: ఊచల దగ్గర

ఊచలు పట్టుకుని నిలబడుతున్నాను. కాళ్ళు కోడిపిల్ల కాళ్ళలా వణుకుతున్నాయి. అయినా నిలువు నిలువే.

ఈ పూట నుంచి నన్ను మైలపల్లి నూకరాజు అన్నకు అప్పగించారు. ఆయన మోకాళ్ళ నిపుణుడు. అంతకన్నా ముఖ్యంగా, పడటంలో నిపుణుడు. అవును, పడటమే. నడక నేర్పుతాడనుకుంటే ముందు పడమన్నాడు.

"పడ్డం రానోడికి నడక నేర్పితే హత్యరా తమ్ముడూ."

నేను పడ్డాను. మనం పైన ఎలా పడతామో మీకు తెలుసు. తీరిగ్గా, గాల్లో ఒక మెలిక తిరిగి, పక్కవాడితో ఒక మాట మాట్లాడి, అప్పుడు తగులుతాం. చేతులు అడ్డం పెట్టే అలవాటే మనకు లేదు. ఇక్కడ మెలిక మొదలుపెట్టేలోగా నేల వచ్చి మొహానికి తగిలింది. పెదవి పగిలింది.

ఆయన నన్ను లేపలేదు. వచ్చి పక్కనే చాప మీద వెల్లకిలా పడుకున్నాడు.

"లేపవేంటన్నా?"

"నాను లేపితే నీకు నా చెయ్యి అలవాటవుతాది, నేల అలవాటవదు. తొందరేటి? పడుకో. ఫ్యాను బాగుంది."

అలా పడుకునే తన కథ చెప్పాడు. వాళ్ళది వేటకెళ్ళే కుటుంబం. కానీ ఆయన పడవ ఎక్కలేదు, కబడ్డీ ఎక్కాడు. విశ్వవిద్యాలయం జట్టులో ఆడుతూ కీలకమైన పోటీలో కూతకెళ్ళి, ముగ్గురి కింద పడి మోకాలు విరగ్గొట్టుకున్నాడు. ఇక నడవడన్నారు. ఒక చికిత్సకుడు ఏడాది కష్టపడి ఆ మోకాలిని తిరిగి నిలబెట్టాడు. "ఆయన చేసింది చూసి నాకు కబడ్డీ చిన్నదైపోనాదిరా" అన్నాడు. చదువుకున్నాడు. కొన్నాళ్ళు క్రీడాకారులకు చేశాడు. తర్వాత ముసలివాళ్ళ దగ్గర చేరాడు. తుంటి విరగకుండా ఎలా పడాలో ఊరూరూ తిరిగి అవ్వలకూ తాతలకూ నేర్పాడట. భుజం తిప్పాలి, గడ్డం గుండెకు ఆనించాలి, నేలను ఒక్క చోట కాకుండా ఒళ్ళంతా పంచుకోవాలి.

"ఒకవ్వ నాకు సవాలిసిరింది. నువ్వు పడి సూపించరా ముందు అంది. పడ్డాను. బాగుంది, మళ్ళీ పడు అంది. ఆ పొద్దంతా నన్ను పడమంటానే ఉంది. ఆవిడ గురువు నాకు."

పైన మన సభల్లో నాయకులు ఎప్పుడూ ఎత్తైన చోటు నుంచి మాట్లాడేవారు. పక్కన పడుకుని మాట్లాడిన మనిషిని నేను ఇక్కడే చూశాను.

నాలుగో కబురు: వానలు మొదలయ్యాక

తవుడు మావ చట్రం తొడుక్కున్నాడు. గీత దాటే పరీక్ష దాకా ఆగలేదు, ముందే ఒప్పుకున్నాడు. వార్డులో అటూ ఇటూ ఠకఠకా నడిచి చూపించాడు. "సుఖంగుందిరా అల్లుడా. కాళ్ళు నావి కావనుకుంటే సరి."

నేను తిట్టాను. లొంగుబాటుదారుడివి అన్నాను. ఆయన నవ్వలేదు. "నీకు వయసుంది. నాకు నొప్పుంది" అని వెళ్ళిపోయాడు.  నాకు ఇంకా కోపం వచ్చింది.

ఆ కోపంలో ఊపిరి ఆడక ఊచల దగ్గరే కూలబడ్డాను. అప్పుడు రెబ్బా సుగుణక్క వచ్చింది. మూడో నిపుణురాలు, ఊపిరి ఆమె పని. మన పక్కటెముకలు ఇక్కడ ఒక్కో ఊపిరికీ బస్తా ఎత్తినంత పని చేస్తాయి. ఆమె నా వీపుకు చెవి ఆనించి, యంత్రం ఏదీ లేకుండా, కాసేపు విన్నది.

"నువ్వు అరిచే ముందు గాలి పీల్చవు. అరిచేశాక పీలుస్తావు. అందుకే ప్రతి వాక్యం చివరా కూలిపోతావు."

"నేను మాట్లాడేది అవసరమైన విషయమక్కా."

"అయితే చివరి మాట దాకా వినపడాలి కదా? పొట్టలోకి తియ్యి. నాలుగు భాగాలుగా వదులు. ఆ... ఇప్పుడు తిట్టు నన్ను."

తిట్టలేకపోయాను. నవ్వొచ్చింది.

ఆమె మొదట నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డులో పనిచేసింది. అరచేయంత పసివాళ్ళ వీపు మీద రెండు వేళ్ళతో తట్టి ఛాతీలో చేరిన నెమ్ము వదిలించేది. ఆ తర్వాత రాతి క్వారీల్లో పనిచేసి ఊపిరితిత్తుల నిండా పొడి నింపుకున్నవాళ్ళ కోసం ఒక శిబిరం నడిపింది. అటు పసివాడికీ ఇటు రాళ్ళు కొట్టినవాడికీ ఎంత బరువుగా తట్టాలో ఆ ఒక్క చేతికే తెలుసు. "మీ వాళ్ళు ఆ ఇద్దరికీ మధ్యన ఉంటారు" అన్నది నాతో. "ఎముకలేమో పసివి, ఊపిరితిత్తులేమో గనివి."

ఆమె తట్టినచోట నా ఛాతీ తలుపు తీసినట్టు తెరుచుకుంది. మిత్రులారా, పైన మనకు ఉపన్యాసాలిచ్చేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఊపిరి ఇచ్చినవాళ్ళు ఉన్నారా?

ఊచలు వదిలి కొన్ని అడుగులు వేస్తున్నాను. ముంగిలి దాటగలననే నమ్మకం ఉంది.

ఐదో కబురు: పరీక్ష దగ్గరపడ్డాక

పడుకుని రాస్తున్నాను, అక్షరాలు క్షమించండి.

పొద్దున రేవు నిర్వాహకుడు వచ్చాడు. వెనక ఇద్దరు మనుషులు కొత్త చట్రం ఒకటి మోసుకొచ్చారు. మమ్మల్నందరినీ అరుగు మీదికి రమ్మన్నాడు. నేను స్తంభం పట్టుకుని అరుగు అంచున నిలబడ్డాను. ఆయన ముంగిట్లో నిలబడి, ఇప్పుడే చట్రానికి ఒప్పుకున్నవాళ్ళకు సముద్రం వైపు గదులిస్తామన్నాడు. అంతటితో ఊరుకుంటే నేనూ ఊరుకునేవాణ్ణి. దమయంతి గారి వైపు తిరిగి, "ఒళ్ళు పిసికే పనికి ముగ్గురు నిపుణులెందుకండీ? పోయినసారి దాటింది ఎందరు? ఈ యంత్రం ఒక్క పూటలో నడిపిస్తుంది" అన్నాడు.

 నాకు కళ్ళు ఎర్రబడ్డాయి. పక్షవాతం వార్డు, ఆ అవ్వ, ఆ పసిపిల్లల వీపులు, అన్నీ ఒక్కసారి కళ్ళముందుకొచ్చాయి. "ఏమన్నావ్?" అని అరిచి, అతని కాలర్ పట్టుకోవడానికి అరుగు మీద నుంచి దిగాను.

దిగాను అనడంలోనే ఉంది తప్పంతా. అరుగు నడుమెత్తు ఉంటుంది. పైన మనం రెండు నిలువుల ఎత్తు నుంచి కబుర్లు చెప్పుకుంటూ దిగుతాం. కోపంలో నా కాలికి తాను ఎక్కడుందో గుర్తులేదు. మెట్టున్నట్టే గాల్లోకి అడుగేశాను.

మడమ లోపల మట్టికుండ పగిలినట్టు చప్పుడయింది.

కళ్ళు తెరిచేసరికి తడి నేల మీద పడున్నాను. పక్కనే నూకరాజు అన్న పడుకుని ఉన్నాడు, చొక్కా అంతా బురద.

"ఏటైందిరా?"

"దిగానన్నా."

"ఎందుకు?"

"మిమ్మల్ని మాటన్నాడు."

"మమ్మల్నంటే మేం దూకాల గానీ, నువ్వెందుకురా దూకినావు?" అని, నొప్పి పెట్టకుండా నా మోకాలి కింద చెయ్యి పెట్టాడు. "భుజం తిప్పినావు సూడు, అది బాగుంది. లేకపోతే తుంటి కూడా పోయీది."

మడమ ఎముక చీలింది. డాక్టరు పిండికట్టు వేశాడు. పరీక్షలోగా ఆ కాలు నేల మీద మోపకూడదట. నిర్వాహకుడు తెచ్చిన చట్రం నా మంచం పక్కనే వదిలి వెళ్ళారు. నా కొలతలు కూడా తీసుకున్నారు.

ఆరో కబురు

రాత్రంతా ఆలోచించి పొద్దున్నే అడిగాను. "మేడమ్, పాకడం నేర్పండి."

'నేను ముందే చెప్పలేదా' అని ఆమె అంటారని చూశాను. అంటే ఏం జవాబివ్వాలో కూడా సిద్ధం చేసుకున్నాను. ఆమె మాత్రం చున్నీ నడుముకు చుట్టుకుని, చాప మీద మోకాళ్ళు ఆనించి, అరచేతులు పరిచి, నా పక్కన నాలుగు కాళ్ళ మీద నిలబడ్డారు. అంత పెద్ద చదువు చదివిన మనిషి నా ఎదుట పాకారు.

"కుడి చెయ్యి, ఎడమ మోకాలు. ఎదురెదురు. మెదడులో రెండు సగాలూ మాట్లాడుకోవాలి. కట్టు కాలు ఊరికే వెంట రానీ, చుట్టంలా."

మూడు బారలకే మణికట్లు మండిపోయాయి. ఊచల మీద కాళ్ళకే పనిచెప్పి, భుజాల సంగతి నేను పట్టించుకోలేదు. నా భుజాల పని నూకరాజు అన్న తీసుకున్నాడు. అలసినప్పుడు మోచేతుల మీదికి ఎలా పడాలో, పడి ఎలా విశ్రాంతి తీసుకోవాలో చూపించాడు. సుగుణక్క ఒక్కో బారకు ఒక్కో ఊపిరి లెక్క కట్టింది. ముగ్గురూ నా మీద వాదులాడుకుంటుంటే వినాలి మీరు!

"భుజం ముందు బిగపట్టాల."

"బిగిస్తే ఊపిరి ఎక్కడికి పోతుంది నూకరాజూ?"

"ఇద్దరూ ఆగండి, ముందు తల ఎటు తిప్పుతున్నాడో చూడండి."

ఒక మనిషి చెయ్యి ముందుకు వెయ్యడంలో ఇంత శాస్త్రం ఉందా! మొదట్లో అవమానంగానే ఉంది. తర్వాత ఒక పూట వింత జరిగింది. అరచేతుల కింద నేల ఉందని మొదటిసారి తెలిసింది. చల్లగా, గట్టిగా, నా బరువు మోస్తూ. నిలబడ్డప్పుడు భయమే తెలిసింది గానీ ఇది తెలియలేదు. దమయంతి గారు కళ్ళు మూసుకుని 'కింద' చూపించమన్నారు. చూపించాను. తెరిచి చూస్తే వేలు తిన్నగా చాప మీద ఉంది.

కానీ గది దాటగలుగుతున్నానే తప్ప, ముంగిలంత దూరం ఇంతవరకూ ఒక్కసారీ రాలేదు. రేపే పరీక్ష.

ఏడో కబురు: పరీక్ష రోజు

తనిఖీకి ఒక అధికారిణి వచ్చింది. చెడ్డది కాదు, చట్టం మనిషి. "రోగిని ఎవరూ తాకకూడదు, ఏమీ చెప్పకూడదు" అన్నది. చికిత్సకులు ముగ్గురినీ గోడ వారగా నిలబెట్టారు.

అరుగు పక్కనున్న వాలుబాట మీద నుంచి పాకుతూ దిగాను. వాన వెలిసిన సిమెంటు, మోకాళ్ళ కింద గరుకు. నా వెనకే ఇద్దరు మనుషులు ఖాళీ చట్రాన్ని తెరిచి పట్టుకుని నడుస్తున్నారు. దాని కీళ్ళ చప్పుడు వింటూ పాకాను. తవుడు మావ కూడా తన చట్రంలో పక్కనే వస్తున్నాడు. పెదాలు కదులుతున్నాయి గానీ మాట పైకి రానివ్వడం లేదు.

సగం దూరంలో ఊపిరి తప్పింది. లోపలికి పోవాల్సినప్పుడు బయటికొస్తోంది. మోచేతుల మీదికి పడ్డాను. ముక్కు ముందు చీమలు పోతున్నాయి. చట్రం చప్పుడు దగ్గరికొచ్చి ఆగింది.

అప్పుడు గోడ దగ్గర నుంచి ఒక చప్పుడు వినిపించింది. దీర్ఘంగా, పొట్టలోకి, నాలుగు భాగాలుగా.

"ఎవరది? ఏమిటా శబ్దం?" అన్నది అధికారిణి.

"ఊపిరండీ" అన్నది సుగుణక్క. "నాదే. పీల్చుకోకూడదా?"

అధికారిణి చేతిలోని నిబంధనల కాగితం చూసింది. "పీల్చుకోండి."

వెంటనే నూకరాజు అన్నకూ ఊపిరి అవసరమైంది. దమయంతి గారికీ. ఆ ముగ్గురి చప్పుడులో నాది దారిలో పడింది. కుడి చెయ్యి. ఎడమ మోకాలు. కాలు చుట్టంలా వెంట వస్తోంది. గేటు ఇనుము చెమ్మ వాసన తగిలింది. అరచెయ్యి గీత మీద పడింది. తల దాటింది. నడుము దాటింది. నేను వాలిపోయాను.

"కాలు ఇంకా లోపలే ఉంది" అన్నది అధికారిణి. గొంతులో కాఠిన్యం లేదు, బెంగ ఉంది.

పిండికట్టు కాలు. నాది కానట్టు పడుంది. లాగాను, రాలేదు. పక్కకు దొర్లాను. అది మెల్లగా, అలిగిన చుట్టంలాగే, గీత మీద నుంచి దొర్లి ఇవతలికి వచ్చింది.

"ఇప్పుడు?" అన్నాను.

"ఇప్పుడు బయట."

నినాదం ఇవ్వాలని ఎన్నాళ్ళుగానో దాచుకున్న ఊపిరి. ఇవ్వలేదు. దాంతో ఏడ్చాను.

చివరి కబురు: గేటు బయట నుంచి

బయట మనిషి సాయం నిషేధం కాదు కనుక, ఇడ్లీ కొట్టు నడిపే ఎర్నమ్మ నన్ను తన బల్ల మీద కూర్చోబెట్టింది. మడమ అతికేదాకా ఇక్కడే ఉల్లిపాయలు తరిగిపెడతానన్నాను. తర్వాత ఉప్పుమళ్ళ వైపు వెళ్ళాలి, అక్కడ పనివాళ్ళ సంఘం ఒకటి ఉందట.

మీరు దిగుతారు కదా, ఇది గుర్తుంచుకోండి. కింద ఎటో తెలియకపోతే దమయంతి గారిని అడగండి. పాకమంటే వాదించకండి. పడటానికి నూకరాజు అన్న, ఊపిరికి సుగుణక్క. ఈ ముగ్గురినీ ఒళ్ళు పిసికేవాళ్ళని ఎవరైనా అంటే గట్టిగా జవాబివ్వండి, కూర్చుని.

ఇది రాస్తుండగానే ఓడ దిగింది. కొట్టు బల్ల మీద నుంచి కంచె లోపల అంతా కనిపిస్తుంది. తలుపు తెరవక ముందే ముగ్గురూ పరుగెత్తారు. దమయంతి గారు కళ్ళజోడు జారిపోతే పట్టుకుని మరీ పరుగెత్తారు. మొదటగా ఒక పిల్లను దించారు. తల ఎత్తబోయి, ఎత్తలేక, ఏదో తిడుతోంది. పెదాలు చూస్తే తెలుస్తోంది, మన సొరంగాల తిట్టే. దమయంతి గారు వంగి ఆమె పాదాలు చూస్తున్నారు.

నేను బల్ల మీద నుంచి చెయ్యి ఊపాను. అరిచాను కూడా, పొట్టలోంచి, చివరి మాట దాకా. ముగ్గురిలో ఒక్కరూ ఇటు తిరగలేదు.

క్షణం పాటు కోపం వచ్చింది. తర్వాత ఉల్లిపాయల బుట్ట దగ్గరికి లాక్కుని, పని చేస్తూ, వాళ్ళ పని చూస్తూ కూర్చున్నాను.